వంకరపోయిన ప్లాస్టిక్ కవచాలు, భుజకీర్తులు: వేడిచేసి సరిచేయవచ్చా?

సూత్రధారి (నార్కట్‌పల్లి వైపు)

అందరికీ నమస్కారం. మాఘమాసంలో చెర్వుగట్టు జాతర రోజుల్లో మా ఊళ్లో పౌరాణిక నాటకం వేయడం తాతల నాటి నుంచి ఉంది. ఈసారి పద్మవ్యూహం ఘట్టం ఎత్తుకున్నాం. యుద్ధం కాబట్టి కవచాలు తప్పవు. దుకాణం ఎత్తేస్తున్న ఒక డ్రస్సుల ఆయన దగ్గర మా సంఘం పాత సెట్టు కొన్నది. ఎదురొమ్ము కవచాలు, భుజకీర్తులు, మోకాలి పట్టీలు, శిరస్త్రాణాలు అందులో ఉన్నాయి. అన్నీ పలుచటి ప్లాస్టిక్, పైన బంగారు మెరుపు పూత.

ఇచ్చిన మనిషి వాటిని ఇనుప ట్రంకు పెట్టెలో ఒకదాని మీద ఒకటి కుక్కి, రేకుల షెడ్డులో ఎండాకాలమంతా ఉంచాడట. తెరిచి చూస్తే ఎదురొమ్ము కవచాల అంచులు బయటికి విచ్చుకుని ఉన్నాయి. భుజకీర్తులు చదునైపోయాయి. ఒక శిరస్త్రాణం గుండ్రం పోయి కోలగా తయారైంది. ప్లాస్టిక్ ఏ రకమో ఎక్కడా రాసి లేదు. గ్యాసు పొయ్యి మీద అటూ ఇటూ తిప్పితే మెత్తబడుతుందని ఒకరు, మరిగే నీళ్లలో ముంచమని ఇంకొకరు అంటున్నారు. కొత్త సెట్టు కొనే స్తోమత మాకు లేదు. తెలిసినవారు చెప్పండి.

పైపుల మేస్త్రీ (దేవరకొండ)

అన్నా, బోరు పైపులకు సాకెట్టు దొరకనప్పుడు మేము మంట మీదే మూతి వెడల్పు చేస్తాం. మంట తగలకుండా పైన ఎత్తులో తిప్పుతూ ఉంటే పైపు మెత్తబడుతుంది. వెంటనే ఇంకో పైపు లోపలికి తోసి తడిగుడ్డ చుడితే అదే ఆకారంలో బిగుసుకుంటుంది. వంచాలంటే లోపల పొడి ఇసుక నింపి రెండు మూతులూ మూసి వేడిచేస్తాం. ఇసుక ఉంటే వంపు దగ్గర నొక్కుకుపోదు. కాబట్టి వేడితో పని జరుగుతుంది. కాకపోతే పైపు గోడ మందం, మీ కవచం పలుచన. మంట మీద పలుచటి ముక్క రెప్పపాటులో కరుగుతుంది.

ఫ్లెక్సీ తమ్ముడు (మహబూబ్‌నగర్)

గ్యాసు పొయ్యి మాట మరిచిపోండి సారు. బోర్డుల పనిలో మేము హీట్ గన్ వాడతాం. ఎలక్ట్రికల్ సామాను కొట్లలో దొరుకుతుంది, అద్దెకు కూడా ఇస్తారు. మామూలుగా 1500 నుంచి 2000 వాట్లు ఉంటుంది. 1800 వాట్ల గన్ను దాదాపు 8 ఆంపియర్లు లాగుతుంది. గోడకున్న చిన్న సాకెట్టు 6 ఆంపియర్లదే. ఫ్రిజ్జు, గీజరు పెట్టే పెద్ద సాకెట్టులోనే గుచ్చండి. సన్నటి తీగ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలిస్తే ముందు మెత్తబడేది కవచం కాదు, ఆ తీగ మీది తొడుగు.

గన్ను మూతి దగ్గర గాలి 500 డిగ్రీలు కూడా దాటుతుంది. మీకు కావలసింది అందులో ఐదో వంతు. అందుకే రెండు వేగాలున్న గన్ను అయితే తక్కువ వేగంలో పెట్టి, జానెడు దూరం నుంచి మొదలుపెట్టి, ముక్క వణుకుతున్నట్టు కనిపించేదాకా మెల్లగా దగ్గరికి రావాలి. చేయి ఒక్క క్షణం కూడా ఆగకూడదు, గోడకు సున్నం వేస్తున్నట్టు తిరుగుతూనే ఉండాలి. బంగారు పూత ఉన్న వైపు కాకుండా వెనక వైపు నుంచి వేడి పట్టండి.

ఆపేటప్పుడు ఒక్కసారిగా స్విచ్చి కట్టేయకుండా చల్లగాలి మీద కాసేపు తిప్పి ఆపండి. ఆపిన తరువాత కూడా మూతి చాలాసేపు కాలుతూనే ఉంటుంది. తెరగుడ్డ మీద పెట్టారంటే నాటకం అక్కడే అయిపోతుంది. ఇటుక మీద నిలబెట్టండి.

రసాయనం సారు (వనపర్తి)

అందరూ గన్ను దగ్గర మొదలుపెట్టారు. నేను ఒక మెట్టు వెనక్కి వెళతాను. అది ఏ ప్లాస్టికో తెలియకుండా వేడి పెట్టకండి. ఒక్కోదానికి ఒక్కో హద్దు ఉంది.

త్రీడీ ప్రింటింగులో వాడే పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. పైపుల పీవీసీ 80 దగ్గర మొదలై, 100 దాటాక చక్కగా వంగుతుంది. పాలీస్టైరీన్ 95–100 మధ్య, ఏబీఎస్ సుమారు 105. పాలీప్రొపిలీన్‌తో తలనొప్పి: 160 దగ్గర కరిగిపోతుంది, అంతకుముందు వంగినట్టే వంగి వెనక్కి పోతుంది. నీళ్ల డ్రమ్ముల హెచ్‌డీపీఈ 130 దగ్గర కరుగుతుంది. ఈ చివరి రెండింటికీ రంగు కూడా అంటదు.

పీవీసీని వేరుగా చెప్పుకోవాలి. దాదాపు 150 దాటితే అది చెడిపోవడం మొదలవుతుంది, 200 దగ్గర వేగం అందుకుంటుంది. అప్పుడు బయటికి వచ్చేది హైడ్రోజన్ క్లోరైడ్. తేమ తగిలితే అదే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. కన్నులోనూ ముక్కులోనూ గొంతులోనూ తేమ ఉంటుంది కదా. ముక్క పసుపు నుంచి గోధుమ రంగుకు తిరుగుతున్నా, ఘాటు వాసన వచ్చి కళ్లు మండుతున్నా గన్ను ఆపి అక్కడి నుంచి లేచి పోవాలి. మేస్త్రీ గారు చెప్పిన మంట పద్ధతిలో పైపు అంచు నల్లబడటం అందరూ చూసే ఉంటారు. అది జరిగినప్పుడల్లా ఈ వాయువు వెలువడినట్టే.

ఇక రకం కనిపెట్టడం. వెనక వైపు త్రికోణంలో అంకె ఉందేమో వెతకండి: 3 అంటే పీవీసీ, 6 అంటే పాలీస్టైరీన్, 5 పాలీప్రొపిలీన్, 2 హెచ్‌డీపీఈ. లేకపోతే లోపలి అంచు నుంచి గోరంత ముక్క కత్తిరించి గ్లాసు నీళ్లలో వేయండి. మీద గాలి బుడగలు అంటుకోకుండా ఒక చుక్క సబ్బునీరు కలపండి. తేలితే పాలీప్రొపిలీన్ లేదా హెచ్‌డీపీఈ. మునిగితే ఆ గ్లాసులోనే రెండు పెద్ద చెంచాల ఉప్పు కరిగించండి. ఇప్పుడు పైకి వస్తే పాలీస్టైరీన్ లేదా ఏబీఎస్. అడుగునే ఉంటే పీవీసీ, యాక్రిలిక్, పెట్ (నీళ్ల సీసాల ప్లాస్టిక్) లాంటి బరువైనవి. నురుగు పీవీసీ బోర్డు మాత్రం లోపల గాలి ఉంటుంది కాబట్టి మామూలు నీళ్లలోనే తేలి మోసం చేస్తుంది. దాన్ని అడ్డంగా కోసిన అంచులో సన్నటి రంధ్రాలు చూసి పట్టుకోవాలి.

సూత్రధారి

సారు, ధన్యవాదాలు. అంకె ఎక్కడా లేదు. ఉప్పునీళ్ల పరీక్ష రేపు చేసి చెబుతాను. మా ఊరి హార్మోనియం మాస్టారు నీళ్లలో ఉప్పు వేసి మరిగిస్తే ఎక్కువ వేడెక్కుతాయి, దానితోనే పని అయిపోతుంది అంటున్నారు. నిజమేనా?

రసాయనం సారు

లీటరుకు 58 గ్రాముల ఉప్పు వేస్తే మరుగు స్థానం పెరిగేది ఒక్క డిగ్రీ. మన పాలమూరు వైపు సముద్రమట్టానికి 500 మీటర్లకు అటూ ఇటూగా ఉంటాం, ఆ ఎత్తుకు నీళ్లు 98 డిగ్రీల చిల్లర దగ్గరే మరుగుతాయి. ఉప్పు వేసి సంపాదించేది ఎత్తుకే సరిపోతుంది. మాస్టారిని రాగం మీద దృష్టి పెట్టమనండి.

అయితే నీళ్ల పద్ధతిని నేను కొట్టిపారేయడం లేదు. నిజానికి మీ పనికి అదే మేలు కావచ్చు. కారణం చెబుతాను. ఇలాంటి కవచాన్ని చేసేటప్పుడు షీటును వేడిచేసి, అచ్చు మీద పరిచి, కింద నుంచి గాలి పీల్చేస్తారు. షీటు సాగి అచ్చును పట్టుకుంటుంది, అలాగే చల్లారుతుంది. సాగిన ఆ బిగువు లోపల దాగి ఉంటుంది. మరీ వేడిచేస్తే అచ్చు ఆకారం పోయి మళ్లీ చదును షీటు కావాలని లాగుతుంది. కండల గీతలు, పూల చెక్కడాలు మొదట పోయేది అందుకే.

ట్రంకు పెట్టెలో వచ్చిన వంకర వేరు. అది అంతకంటే తక్కువ వేడిలో, బరువు కింద నెలల తరబడి నలిగి వచ్చింది. తక్కువ వేడిలో వచ్చిన వంకర తక్కువ వేడికే విడుస్తుంది. 75–80 డిగ్రీల నీళ్లలో ఉంచితే చాలాసార్లు ముక్క తనంతట తానే పాత ఆకారం వైపు వస్తుంది. మనం చేయాల్సింది దానికి దారి చూపడమే. నీళ్లు మరిగాక దించి, ఆ వేడికి చల్లారాక వాడండి. బట్టలు నానబెట్టే పాత గంగాళం తీసుకోండి, వంటగిన్నె వద్దు.

పైపుల మేస్త్రీ

సారు చెప్పింది బాగుంది. కానీ మాకు పొలంలో థర్మామీటర్ ఎవరు ఇస్తారు? చెయ్యి పైన పెట్టి సెగ చూసుకోవడమే మా లెక్క. అలవాటైన చేతికి తెలుస్తుంది.

రసాయనం సారు

మీ చేతికి తెలుస్తుంది మేస్త్రీ గారూ, అనుమానం లేదు. మీ ఊపిరితిత్తులకు తెలియదు కదా. పాత పైపుల్లో సీసంతో చేసిన పదార్థాలు కూడా కలిపేవారు. 2021లో కేంద్రం పీవీసీ పైపుల్లో వాటి వాడకాన్ని నియంత్రిస్తూ నిబంధనలు తెచ్చింది. దాని ముందటి పైపు ముక్కలతో గదలు, కత్తి పిడులు చేసేవారు పొడిగా రుద్దకుండా నీళ్లు చల్లుతూ గరుకు కాగితం పట్టాలి. ఆ దుమ్ము ఇంట్లోకి, పిల్లల దగ్గరికి పోకూడదు.

పైపుల మేస్త్రీ

ఇది మాకు ఎవరూ చెప్పలేదు సారు. మా కుర్రాళ్లకు చెబుతాను.

గద్వాల అక్క

నేను బడుల వార్షికోత్సవాలకు, నాటకాలకు వేషాలు కుడతాను. వేడి గురించి మగవాళ్లు బాగానే వాదించుకున్నారు. మెత్తబడిన ముక్కను దేని మీద పెట్టి ఆకారం తేవాలో ఒక్కరూ చెప్పలేదు.

మనిషి ఒంటి మీద పెట్టి నొక్కవద్దు. బనియను ఉన్నా సరే, దుప్పటి కప్పినా సరే. ఎదురొమ్ము కవచానికి పెద్ద స్టీలు బిందె తీసుకుని, మందపాటి తువ్వాలు రెండు మడతలు చుట్టండి. బిందె మెడ దగ్గర కవచం మెడ వస్తుంది, పొట్ట దగ్గర ఛాతీ వస్తుంది. మోకాలి పట్టీకి చెంబు. శిరస్త్రాణానికి సరిపడే మట్టి కుండ బోర్లించండి, దాని మీద కూడా గుడ్డ ఉండాలి. భుజకీర్తికి నేను ఇసుక నింపిన గుడ్డ సంచిని వాడతాను. ఎటు వంపు కావాలంటే అటు సర్దుకుంటుంది.

ముక్క మెత్తబడగానే దాని మీద పెట్టి, మంచాలకు అల్లే నవారుతో చుట్టి కట్టేయండి. తాడు వద్దు, తాడు గీత పడుతుంది. పూర్తిగా చల్లారేదాకా విప్పకూడదు. గోరువెచ్చగా ఉండగా విప్పితే ఇంట్లోకి వెళ్లి వచ్చేసరికి మళ్లీ విచ్చుకుని ఉంటుంది. తడిగుడ్డ వేస్తే తొందరగా బిగుస్తుంది.

ఇంకో మాట. మీది పద్య నాటకం. ఎదురొమ్ము కవచం అద్దంలో అందంగా ఉందని పక్కటెముకలకు అతికించినట్టు వంచారనుకోండి, అభిమన్యుడు రాగం ఎత్తుకునే చోట ఊపిరి అందదు. నిండా గాలి పీల్చుకుని నిలబడమని, అప్పుడు రెండు పక్కలా నాలుగు వేళ్లు దూరేంత చోటు వదిలి కొలత తీసుకోండి. కలపడానికి వెనక ఎలాస్టిక్ పట్టీలు వేస్తే ఇంకా సుఖం.

కందనూలు రాజు

బిందె ఎందుకు అక్కా, ఖాళీ గ్యాసు సిలిండర్ అయితే సరిగ్గా ఛాతీ గుండ్రం వస్తుంది కదా. బరువుగా కదలకుండా కూడా ఉంటుంది.

ఫ్లెక్సీ తమ్ముడు

రాజన్నా, ఆ మాట వెనక్కి తీసుకో. ఖాళీ అనుకున్న సిలిండరులోనూ గ్యాసు మిగిలి ఉంటుంది. దాని మీద 500 డిగ్రీల గాలి కొట్టడమా?

నిర్వాహకుడు

పై సలహాను ఎవరూ పాటించకూడదని ఇక్కడే గట్టిగా చెబుతున్నాం. చదివేవారికి తెలియాలని దాన్ని తొలగించకుండా ఉంచాం. గ్యాసు సిలిండరు, థిన్నరు డబ్బాలు, స్ప్రే రంగులు, రబ్బరు జిగురు, పైపులు అతికించే సాల్వెంటు: ఇవేవీ వేడిచేసే చోటికి దగ్గరలో ఉండకూడదు. జిగురు పూసిన ముక్కను అది పూర్తిగా ఆరకముందే గన్ను కింద పెట్టడం కూడా అంతే ప్రమాదం.

కందనూలు రాజు

సరే, తప్పే. బిందె మీదే పెడతాం.

వార్డు డ్యూటీ (సూర్యాపేట)

నర్సుగా పనిచేస్తాను. ఇలాంటి పనుల్లో వచ్చే గాయాలు రెండు రకాలు. గన్ను మూతి తగిలినది, కరిగిన ప్లాస్టిక్ చర్మానికి అంటుకున్నది. రెండో దాంట్లో అందరూ చేసే పొరపాటు వెంటనే దాన్ని పీకేయడం. దానితో పాటు చర్మమూ వస్తుంది. అంటుకున్నదాన్ని అలాగే ఉంచి, కుళాయి నీళ్ల ధార కింద 20 నిమిషాలు పెట్టండి. మంచు ముక్కలు వద్దు. పేస్టు, పసుపు, సిరా, వెన్న ఏవీ పూయవద్దు; మేము వాటిని కడగడానికే సగం సమయం పోతుంది. ఉంగరం, కడియం, గడియారం ఉంటే వాపు రాకముందే తీసేయండి. ముఖం, చేతివేళ్లు, కీళ్ల దగ్గర కాలినా, బొబ్బ అరచేతికంటే పెద్దదైనా 108కి ఫోను చేయండి. చేతులు కాలాక పట్టుకోవాల్సింది ఆకులు కాదు, కుళాయి.

వేసుకునే బట్టలు నూలువి వేసుకోండి. పాలిస్టర్ చొక్కా కరిగి ఒంటికి అంటుకుంటుంది. చేతికి తోలు తొడుగులు ఉంటే మంచిది, లేకపోతే మందపాటి నూలువి. ఆసుపత్రి రబ్బరు తొడుగులు వేసుకుని వేడి పని చేయకండి.

సూత్రధారి

మూతికి ఎన్95 మాస్కు కట్టుకుంటే సరిపోతుందా సిస్టర్?

వార్డు డ్యూటీ

అది దుమ్మును ఆపుతుంది, వాయువులను ఆపదు. రుద్దేటప్పుడు పెట్టుకోండి. వేడిచేసేటప్పుడు మాత్రం మాస్కును నమ్ముకోకుండా ఆరుబయట కూర్చోండి. గాలి మీ పక్క నుంచి వీచేలా చూసుకోండి. ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు, పిల్లలు ఆ దరిదాపుల్లో వద్దు.

ముక్కోణం (నల్లగొండ)

నేను ఇంజనీరింగ్ విద్యార్థిని. కాస్‌ప్లే కవచాలు చేస్తాను, అంటే కామిక్స్‌లోని పాత్రల వేషాలు. సూత్రధారి గారూ, పాత సెట్టులో బాగుపడనివి ఉంటే వాటి బదులు ఈవీఏ ఫోమ్ చూడండి. నేల మీద పజిల్ ముక్కలుగా పరిచే చాపలు ఎక్కువగా దానివే, కొన్ని యోగా చాపలు కూడా. 5 నుంచి 10 మిల్లీమీటర్ల మందం చాలు. గన్ను కింద పెడితే పైపొర కొద్దిగా మెరుస్తుంది, రంధ్రాలు మూసుకుంటాయి. అప్పుడే చెంబు మీద వంచి పట్టుకుంటే చల్లారాక అలాగే ఉంటుంది. తేలిక, కింద పడినా పగలదు, కత్తి దెబ్బ తగిలినా శబ్దం రాదు. నీళ్లు కలిపిన తెల్ల జిగురు నాలుగైదు పూతలు పూసి, ఒక్కో పూతా ఆరనిచ్చి, ఆపైన రంగు వేస్తాను.

త్రీడీ ప్రింటింగ్‌తో చేసిన శిరస్త్రాణాలు కూడా వస్తున్నాయి. చాలావరకు పీఎల్‌ఏ. సారు చెప్పిన 60 డిగ్రీల సంగతి గుర్తుంచుకోండి. నల్లగొండ ఎండ 45 దాటే రోజుల్లో అద్దాలు మూసిన కారు లోపల అంతకంటే చాలా ఎక్కువ వేడి ఉంటుంది. వెనక అద్దం కింద పెట్టిన కిరీటం ఊరు చేరేసరికి ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. దాన్ని సరిచేయడమూ తేలికే, వేడినీళ్లలో కాసేపు ముంచితే లొంగుతుంది. తలకట్టుకు వాడే హెయిర్ డ్రయ్యరు కూడా చాలు.

చిందు మేళం (నాగర్‌కర్నూల్)

చదువుతూ ఉన్నాను. మా ఇంట్లో చిందు యక్షగానం ఆడతారు. మా పెద్దల కిరీటాలు, భుజకీర్తులు తేలిక చెక్కతో చెక్కి, రంగులు వేసి, అద్దాలు పొదిగినవి. వాటికి ఎండ భయం లేదు, చెదలు భయం ఉంది. ఈ మధ్య కొత్తగా వచ్చే పిల్లలకు బరువని ప్లాస్టిక్ కూడా వాడుతున్నాం.

మీ యుద్ధ ఘట్టంలో అస్త్రాలకు మతాబులు, కాకరపువ్వొత్తులు వెలిగిస్తారా? వెలిగిస్తే ఆ సన్నివేశానికి మాత్రం ప్లాస్టిక్ కవచాలు విప్పించండి. చెక్కకు నిప్పురవ్వ పడితే దులిపేస్తాం. పాలీస్టైరీన్ అంటుకుంటే నల్లటి మసితో మండుతూ చుక్కలు చుక్కలుగా కారుతుంది, ఆ చుక్క పడిన చోటల్లా కాలుతుంది. హారతి పళ్లెం పట్టుకునే పాత్రకూ ఇదే జాగ్రత్త. తెర వెనక ఒక బకెట్టు నీళ్లు, ఒక బకెట్టు ఇసుక పెట్టే అలవాటు మా మేళంలో ఎప్పటి నుంచో ఉంది. కరెంటు మంటకు నీళ్లు కాదు, ఇసుక.

ఫ్లెక్సీ తమ్ముడు

అవును, పాత హాలోజన్ ఫోకస్ లైట్లు కూడా. వేషం వేసుకునే గదిలో అద్దం పక్కన వెలిగించి, దాని ముందు కుర్చీ మీద కిరీటం పెట్టేస్తారు. ఒక్కోటి 500 వాట్లు, 1000 వాట్లు. మళ్లీ మొదటికి వస్తుంది కథ.

సూత్రధారి

పరీక్ష చేశాం. ముక్క మామూలు నీళ్లలో మెల్లగా మునిగింది, ఉప్పు కరిగించగానే పైకి వచ్చింది. గోళ్ల రంగు తుడిచే అసిటోన్ చుక్క వేస్తే జిగటగా తయారైంది. అంటే పాలీస్టైరీనో ఏబీఎస్సో, పీవీసీ కాదు. సారూ, మీరు చెప్పినట్టే.

ఎలాగూ రెండు ముక్కలైన మోకాలి పట్టీ ఒకటి ఉంది. దాన్ని కావాలనే ఆఖరిదాకా వేడిచేసి చూశాం, ఎక్కడ ఆగాలో తెలుసుకోవడానికి. చల్లగా ఉన్నప్పుడు గోటితో తడితే టక్కుమనే శబ్దం వస్తోంది. వేడి పడుతున్న కొద్దీ ఆ శబ్దం మందగించింది. పూతలో ట్యూబులైటు నీడ తిన్నగా కనిపించేది, అది అలలు అలలుగా కదలడం మొదలైంది. ఆ తరువాత అంచు తనంతట తానే వంగింది. అక్కడ ఆపకుండా ఇంకా పెట్టాం: పూల చెక్కడం చదునైపోయింది, బంగారు పూతలో వెంట్రుక సన్నపు పగుళ్లు వచ్చి పొగమంచు పట్టినట్టు తెల్లబారింది, తియ్యటి వాసన ఒకటి వచ్చింది. అంటే నీడ కదలడం మొదలైన చోటే మా హద్దు.

తరువాత భుజకీర్తులను గంగాళంలో పెట్టాం. దించిన నీళ్లలో మునిగిన కాసేపటికి చదునైన రెక్కలు మెల్లగా పైకి లేచాయి. మా అర్జునుడు భయపడి వెనక్కి జరిగాడు. పట్టకారుతో తీసి ఇసుక సంచి మీద పెట్టి నవారు చుట్టాం. పూతకు ఏమీ కాలేదు. ఎదురొమ్ము కవచం గంగాళంలో పట్టలేదు, దానికి చెంబుతో వేడినీళ్లు పైనుంచి పోస్తూ అంచులు తెచ్చాం. ఒక్క మొండి మూల మాత్రం హీట్ గన్‌తో, వెనక నుంచి.

రసాయనం సారు

బాగా చూశారు. ఆ తియ్యటి వాసన స్టైరీన్‌ది. అది వచ్చేదాకా పోవడం పరీక్ష ముక్కకు మాత్రమే, అదీ ఆరుబయట. మిగిలిన ముక్కలు, కత్తిరించిన అంచులు పొయ్యిలో వేసి కాల్చకండి. ఏ ప్లాస్టిక్ అయినా అంతే, పీవీసీ అయితే మరీనూ.

గద్వాల అక్క

నవారు ఎప్పుడు విప్పారు?

సూత్రధారి

రాత్రంతా ఉంచి పొద్దున విప్పాం అక్కా. ఇంతవరకు విచ్చుకోలేదు. ఒక ఎదురొమ్ము కవచానికి మెడ దగ్గర బెత్తెడు చీలిక ఉంది, ముట్టుకుంటే పెరుగుతోంది. దానికి ఏమైనా ఉపాయం ఉందా? తెల్లబారిన చోట రంగు కూడా వేయాలి.

ముక్కోణం

చీలిక ఆగిన కొసన సన్నటి డ్రిల్లు బిట్టుతో ఒక చిన్న రంధ్రం చేయండి. చీలికను పెంచే ఒత్తిడి అంతా ఆ సూది మొనలో ఉంటుంది. గుండ్రటి రంధ్రం చేస్తే అది చెదిరి ముందుకు పాకదు. కాల్చిన మేకుతో పొడవవద్దు, చుట్టూ కరిగి ఇంకా పెళుసవుతుంది. తరువాత వెనక వైపు నూలు గుడ్డ ముక్కను రెండు భాగాలు కలిపే ఎపాక్సీ జిగురుతో అతికించండి. వేడి పనులన్నీ అయిపోయాకే ఇది. జిగురు మీద మళ్లీ గన్ను పెట్టకూడదు.

ఫ్లెక్సీ తమ్ముడు

రంగు సంగతి నేను చెబుతాను. ముందు సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి, వేలి జిడ్డు ఉంటే రంగు పెచ్చులుగా లేస్తుంది. మీది పాలీస్టైరీన్ అయి ఉండవచ్చు కాబట్టి ఘాటు థిన్నరు ఉన్న స్ప్రేను నేరుగా కొట్టవద్దు, పైపొర కరిగి ముడతలు పడుతుంది. ప్లాస్టిక్ ప్రైమరు పలుచగా వేసి, పైన నీళ్లతో కలిపే యాక్రిలిక్ బంగారు రంగు కుంచెతో వేయండి. పాత పూత మెరుపు రాదు. అయితే జాతర లైట్లలో, నాలుగో వరుస నుంచి చూస్తే ఎవరికీ తేడా తెలియదు. మెరుపు మరీ తక్కువ అనిపిస్తే గీతల్లో నల్లరంగు పట్టించి పైపైన తుడిచేయండి, చెక్కడం లేచి కనిపిస్తుంది.

చిందు మేళం

కురుమూర్తి జాతరకు మావాళ్లు కూడా వేషం కడతారు. మీ సెట్టు అద్దెకు ఇస్తారా సూత్రధారి గారూ?

సూత్రధారి

కురుమూర్తి జాతర దీపావళి తరువాత కదా, మాది మాఘంలో. రోజులు కలిసిరావు కాబట్టి ఇబ్బంది లేదు. మీరు అద్దె ఇవ్వనక్కరలేదు, మా పిల్లలకు రెండు రోజులు చిందు అడుగులు నేర్పించండి చాలు. ఒక్క షరతు: ట్రంకు పెట్టె మాతో రాదు. అట్టపెట్టెల్లో ఒక్కో ముక్క లోపల పాత చీర గుడ్డ కుక్కి, నిలబెట్టి పంపుతాం. మీరూ అలాగే తిరిగి పంపాలి.

చిందు మేళం

పంపుతాం. మెసేజీలో నంబరు ఇవ్వండి.